బావకు నేను వేసిన తూకం

మొన్న ఆదివారం మా అక్క మనవరాలు బెంగళూరు నుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా నేరుగా మా ఇంట్లోని తూకం యంత్రం ఎక్కి నిలబడింది. వీపున సంచి దింపలేదు, బూట్లు విప్పలేదు. తూకం ఎక్కేముందు చేతి గాజులు సైతం తీసి పక్కన పెట్టే ఆడపిల్లలను చూసినవాణ్ణి గనక నాకు నవ్వొచ్చింది, ఇదేం చోద్యమని అడిగాను. గుహల్లోకి దిగేవాళ్ళ బృందంలో కొత్తగా చేరిందట, తాడు మీద కిందికి దిగడానికి సొంతంగా ఒక పరికరం కొనుక్కోవాలట, దానికి ముందు చూసుకోవలసింది మనిషి బరువేనట, అదీ ఒట్టి ఒంటి బరువు కాదు, ఒంటి మీద ఉన్నవన్నీ కలిపిన బరువట. ఆ చివరి మాట విన్నాక నా నవ్వు ఎటు పోయిందో తెలియదు. మంచినీళ్ళు తాగొస్తానని చెప్పి వంటింట్లోకి వెళ్ళాను.

నా యీడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో శనగలు దిగే కాలం వచ్చిందంటే నంద్యాల మండీల దగ్గర మనిషి నడవడానికి సందు ఉండేది కాదు. కోయిలకుంట్ల వైపు నుంచి, బండి ఆత్మకూరు వైపు నుంచి బస్తాలు వచ్చి పడుతుండేవి, హమాలీల కేకలకు చెవులు గడియలు పడేవి. ఇంటర్మీడియట్ తప్పి, నాయన చేత నాలుగు తిట్లు తిని, ఒక మండీలో కాటా దగ్గర కుదురుకున్నాను. నా పనల్లా బస్తాను తూకం వేసి, వచ్చిన తూకంలోంచి గోనెసంచి బరువు తీసేసి, గింజలో తేమకూ దుమ్ముకూ ఇంకాస్త తీసేసి, మిగిలినది చీటీ మీద రాయడం. ఆ తీసేసేదాన్నే తరుగు అంటారు. రెండేళ్ళు తిరిగేసరికి చెయ్యి ఎంతగా అలవాటు పడిందంటే, ముల్లు ఆగకముందే తరుగు పోను ఎంతో నోటికి వచ్చేసేది. ఆ పనితనానికి యజమాని మెచ్చుకుంటుంటే నేను కూడా కాస్త ఎగిరెగిరి పడేవాణ్ణి, దాచుకోవడం దేనికి?

మండీకి ఎదురింట్లో ఒక కాలేజీ లెక్చరరు గారు అద్దెకు ఉండేవారు. రాళ్ళ చదువు చెప్పేవారు. సెలవు దొరికితే చాలు, బేతంచెర్ల వైపు ఎర్రమలల్లో గవులు, అంటే మీరనే గుహలు, వెతుక్కుంటూ పోయేవారు. నలుగురైదుగురం ఆయన వెంట తిరిగేవాళ్ళం. నిట్టనిలువు గవుల్లోకి దిగడానికి ఆయన దగ్గర నిచ్చెన మెట్ల మాదిరి అడ్డకడ్డీలున్న ఒక ఇనుప పరికరం ఉండేది. తాడును ఒక కడ్డీ మీదుగా, ఒక కడ్డీ కిందుగా అల్లితే ఆ ఒరిపిడికి మనిషి మెల్లగా దిగుతాడు. బరువైన మనిషికి కడ్డీలు ఎక్కువ కావాలి, తేలికైన మనిషికి తక్కువ చాలు. తేలికపాటి వాడికి అన్నీ వేస్తే నడిమధ్యలో వేలాడతాడే గాని కదలడు, బరువైన వాడికి తక్కువ వేస్తే ఇక చెప్పేదేముంది. కొత్తవాళ్ళు మధ్యలో కడ్డీలు మార్చుకోలేరు గనక, పైనే లెక్క చూసి ఆయనే అల్లి ఇచ్చేవారు. దిగే మనిషికి ఇంకో తాడు ఆధారంగా కట్టాలన్న సంగతి ఆ రోజుల్లో మాలో ఎవరికీ తెలియదు, ఉన్నది ఒక్కటే తాడు.

మా బావది ఆళ్ళగడ్డ పక్క పల్లె. అక్కను చేసుకుని అప్పటికి నాలుగేళ్ళు. చూడ్డానికి బక్కపలచగా కనిపించేవాడు గాని ఎముక గట్టి మనిషి, నాగలి పట్టాడంటే పొద్దు గుంకేదాకా దించేవాడు కాదు. నేల మీద ఆయనకున్న పిచ్చి నేను మరెవరిలోనూ చూడలేదు, వాన పడితే అన్నం వదిలేసి చేను గట్టున నిలబడేవాడు. శనగలు వేసుకుని మా మండీకి వచ్చినప్పుడల్లా నా గవుల కబుర్లు విని, ఒకసారి నన్నూ తీసుకుపోప్పా అని వెంటపడ్డాడు. నా గొప్ప చూపించుకోవాలని నాకూ ఉంది. అక్క మాత్రం వాకిట్లో నిలబడి ఒకటే మాట అంది: "రేయ్, నిన్ను నమ్మి పంపిస్తాండా. మీ బావకు ముందూ వెనకా చూసే గుణం ల్యా." నేనుండగా ఏం కాదులే అక్కా అన్నాను. ఎంత తేలికగా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

బయల్దేరే ముందురోజు సాయంత్రం లెక్చరరు గారు, మీ కాటా ఉంది గదా, అందరినీ సామాన్లతో సహా తూచి చీటీ రాసి తెమ్మన్నారు. సామాన్లతో సహా అని రెండుసార్లు చెప్పారు. నలుగురినీ తూచాను, అందులో కొత్తవాడు బావ ఒక్కడే. బావ భుజానికి సంచి ఉంది, అందులో కార్బైడు దీపం, దానికి కావలసిన కార్బైడు డబ్బా, నీళ్ళ సీసాలు, చుట్టిన తాడు ముక్క, అక్క కట్టిచ్చిన సద్ది. బావ హమాలీలతో పరాచికాలాడుతూ కాటా ఎక్కాడు, దిగాడు. నా చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. సంచి బరువు తీసేసింది, బూట్లకూ బట్టలకూ ఇంకాస్త తీసేసింది, డెబ్బై నాలుగు అని రాసేసింది. మోసం చేయాలని కాదు, ఎవరి నోరో కొట్టాలని కాదు. కలపమన్న చోట తీసేశాను. కాటా మనిషి తప్ప లోకంలో ఇంకెవరూ చేయలేని తప్పు అది.

మర్నాడు గవి మూతి దగ్గర లెక్చరరు గారు చీటీ పైకి చదివి, కాటా మనిషి రాత, తిరుగుండదు అని నవ్వి, ఒక కడ్డీ తక్కువ వేశారు. ఐదారు నిలువుల లోతు. బావ నన్ను చూసి కన్ను గీటి వెనక్కి వాలాడు. మొదటి నిలువు బాగానే దిగాడు. ఆ తరువాత తాడు సర్రుమన్న చప్పుడు, బావ అరుపు, అడుగున రాళ్ళ మీద దబ్బుమన్న శబ్దం, అంతే. పైకి తీసేసరికి రెండు అరచేతుల్లోనూ చర్మం లేదు, ఎడమ తొంటి విరిగింది. తాడుకు బురద తగిలి జారిందని లెక్చరరు గారు అన్నారు, అందరూ అదే అన్నారు, నేనూ తలూపాను. గవి దగ్గర నా జేబులోకి తిరిగొచ్చిన ఆ చీటీని ఆస్పత్రి వరండాలో తీసి చూసింది నేనొక్కణ్ణే, ఏం తీసేశానో అప్పుడే తెలిసింది. నమిలి మింగేశాను. ఆ కాగితం రుచి ఇంకా నా నోట్లో ఉంది.

బావ బతికాడు. ఆ తరువాత నాగలి పట్టలేదు. చేను కౌలుకిచ్చి, ఆళ్ళగడ్డలో ఒక ఎరువుల అంగట్లో జీతానికి కూర్చున్నాడు. ఊళ్ళోవాళ్ళంతా చేలకు పోతుంటే, వాళ్ళకు మందుల బస్తాలు చూపిస్తూ, ఈ ఏడు వాన ఎట్లుందప్పా అని అడుగుతుండేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం పోయినట్టుండేది. నెలకోసారి వెళ్ళేవాణ్ణి, పక్కపక్కనే కూర్చునేవాళ్ళం, పంటలూ పెళ్ళిళ్ళూ అన్నీ మాట్లాడుకునేవాళ్ళం, ఆ గవి సంగతి తప్ప. ఈసారి చెప్పేద్దామని బస్సెక్కడం, చెప్పకుండానే తిరిగి రావడం. లెక్చరరు గారు బదిలీ మీద వెళ్ళిపోయారు, నేను మండీ మానేసి వేరే పనుల్లో పడ్డాను. ఆ పరికరాల గురించి మాత్రం దొరికిందల్లా చదివాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, కాకపోతే కాలిన చేతులు నావి కావు. నలభై ఏళ్ళు అట్లా గడిచాయి. పోయినేడాది బావ పోయాడు.

వంటింట్లోంచి వచ్చి మనవరాలి పక్కన కూర్చున్నాను. ఫోనులో మూడు రకాలు చూపించింది. ఎనిమిది అంకె ఆకారంలో ఉన్నది చవకే గాని కొత్తవాళ్ళకు వద్దన్నాను, చెయ్యి వదిలితే అది ఆపదు. కడ్డీలున్నది చూడగానే తల అడ్డంగా ఊపాను. మూడోది పిడి ఉన్నది, పిడి వదిలేస్తే తాడును తనంత తానే పట్టేస్తుంది. అది తీసుకో, కాని ఎంత బరువు నుంచి ఎంత బరువు వరకూ పనికొస్తుందో, ఎంత లావు తాడుకు సరిపోతుందో దాని కాగితంలో చూసుకో, నువ్వు పలచని పిల్లవు, లావు తాడు మీద అది నిన్ను కదలనివ్వకపోవచ్చు, పెద్దవాళ్ళ ఎదుట రెండో తాడు కట్టుకుని దిగి చూశాకే నమ్ము అన్నాను. సంచి, నీళ్ళు, తడిసిన బట్టలు, అన్నీ కలుపుకో, ఒక్కటి కూడా తీసెయ్యొద్దు అన్నాను. ఇక ఆగలేక ఉన్నదంతా చెప్పేశాను. చీటీ మింగిన సంగతితో సహా.

పిల్ల ఫోను పక్కన పెట్టింది. తరువాత మెల్లగా అంది: "నాకు తెలుసు నంద్యాల తాతా. ఆళ్ళగడ్డ తాత చెప్పినాడు. కట్టు విప్పినాక ఆస్పత్రిలో ఒట్టి ఒంటితో తూకం వేస్తే డెబ్బై నాలుగే వచ్చిందంట. మరి సంచి బరువు యాడికి పోయిందని అప్పుడే అర్థమైందంట. మా బావమరిది కాటా మనిషి, చెయ్యి అలవాటు అనుకున్యాడంట."

మరి నన్ను ఒక్కనాడైనా అడగలేదేమని అన్నాను. "నీతో అనొద్దన్యాడు. నాకు తెలుసంటే వాడు తట్టుకోలేడు పాపా, నా ఎదురుగా కూచోడానికి కూడా రాడు అన్యాడు."

నేను ఏడ్చాను. ఈ వయసులో పిల్లల ముందు ఏడవడం సిగ్గనుకునే మనిషిని, ఏడ్చాను. మీ అవ్వకు తెలుసా అని అడిగితే, తెలీదు, నువ్వే చెప్పాల అంది. చెబుతాను. రేపో ఎల్లుండో ఆళ్ళగడ్డ వెళ్ళి చెబుతాను.

ఇప్పటి పిల్లలు అన్నీ పైకి అనేస్తారని విసుక్కునేవాణ్ణి. తమ బరువెంతో సిగ్గులేకుండా చెబుతారు, భయమేస్తే భయమంటారు, తప్పు చేస్తే నాదే అని ఒక మాట అనేసి అన్నానికి కూర్చుంటారు. మేము అట్లా పెరగలేదు. మాకు మర్యాదంటే నోరు మూసుకోవడం, ప్రేమంటే కూడా నోరు మూసుకోవడమే. ఒక్కసారి నేను, తప్పు నాది బావా అని ఉంటే, ఆయన తెలుసులేప్పా అని ఉండేవాడు. ఆ రెండు మాటల కోసం ఇద్దరం నలభై ఏళ్ళు ఒకే అరుగు మీద కూర్చుని, వాన గురించి మాట్లాడుకున్నాం.