ఫెండరు అంచున పసుపు గీత

కరోనా వెనకబట్టాక వచ్చిన రెండో వేసవిలో నన్ను విశాఖపట్నంలో సొంత కార్ల రిజిస్ట్రేషను రెన్యువల్ పనికి వేశారు. అసిస్టెంటు ఇన్‌స్పెక్టరుగా చేరి, ఊళ్ళన్నీ తిరిగి, మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరునయ్యాను. అప్పటికి సర్వీసు రెండేళ్ళే మిగిలింది. జనం మాత్రం మా హోదా ఏదైనా "బ్రేకినస్పెక్టరు" అనే అంటారు. మొదట్లో ఆ మాటకు చిరాకుపడేవాణ్ణి, తర్వాత అలవాటైపోయింది.

సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు. ఆపైన అయిదేళ్ళకోసారి బండిని మా ముందుకు తేవాలి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుంటాం. లైట్లు, బ్రేకులు, స్టీరింగు, టైర్లు చూస్తాం. ఆర్‌సీలో రాసినదీ ఎదుట నిలబడినదీ ఒకటేనా అని సరిపోల్చుకుంటాం. వీటన్నిటికీ ముందు నా సొంత పట్టింపు ఒకటుండేది. బండి కడిగి తేవాలి. బురద కింద తుప్పు దాక్కుంటుందని నా వాదన. గేటు పక్క గోడ మీద ఆ సంగతి పెద్ద అక్షరాలతో రాయించింది కూడా నేనే. కడగకుండా వచ్చినవాళ్ళను నాలుగు మాటలని, అక్కడే ఉన్న కుళాయి దగ్గరికి తోలేవాణ్ణి.

సింహాచలం చందనోత్సవం వెళ్ళిన వారంలో ఒక ఉదయం ఎర్రరంగు స్పోర్ట్సు కారు ఒకటి మా ఆవరణలోకి వచ్చింది. రెండు తలుపులు, నేలకు కరుచుకున్నట్టుండే ఒళ్ళు, పేరుకు మాత్రం వెనక రెండు సీట్లు. వయసు ఇరవై ఏళ్ళు. యజమాని అప్పలనాయుడు స్టీలు ప్లాంటులో క్రేను ఆపరేటరు. ఓడల్ని రేవులోకి నడిపించుకొచ్చే హార్బరు పైలట్ ఒకాయన దగ్గర కొన్నాడు. అప్రెంటిసుగా ఉన్న రోజుల్లో గాజువాక రోడ్డు మీద ఆ కారు తనను దాటిపోయినప్పుడల్లా సైకిలు ఆపి చూసేవాడట. అతని వెంట భార్య సత్యవతి, ఊళ్ళోని పాతబస్తీ నుంచి వచ్చిన ఖాదర్ భాయ్ అనే టింకరింగు మేస్త్రీ ఉన్నారు. టింకరింగంటే సొట్టలు తీసి రేకును మళ్ళీ ఆకారానికి తెచ్చే పని.

కారుకు వెడల్పు చక్రాలు వేసి తెచ్చారు. మార్పులంటే మాకు అనుమానమే. కానీ నాయుడు కాగితాలన్నీ పట్టుకొచ్చాడు. ఆ కారు బరువుకూ వేగానికీ తగిన పద్నాలుగు అంగుళాల టైర్లు దొరకడం లేదు. ఉన్నవి బీటలు వారిపోయాయి. అదే మోడల్లో పై రకానికి కంపెనీయే పదిహేను అంగుళాల చక్రం, వెడల్పు టైరు ఇచ్చింది కనుక నిబంధనల ప్రకారం అవి వేసుకోవచ్చు. టైరు మొత్తం ఎత్తు దాదాపు పాతదే, స్పీడోమీటరు అబద్ధం చెప్పదు. ఇక మిగిలింది ఆఫ్‌సెట్ ఒక్కటే. అంటే చక్రం ఇరుసు మీద ఎంత లోపలికి కూర్చుంది, ఎంత బయటికి వచ్చింది అన్న లెక్క. బయటికొస్తే టైరు భుజం, అంటే పక్క గోడ పైన వంపు తిరిగే చోటు, చక్రాన్ని కప్పే ఫెండరు రేకు అంచుకు దగ్గరవుతుంది. ఆ చోటు కోసం ఖాదర్ భాయ్ నాలుగు అంచుల్నీ కాస్త లోపలికి మడిచాడు. ఈ చక్రాలు పనికిరావంటే ఆ కారుకు వేయడానికి వేరేవి లేవు. తుక్కుకు పోవాల్సిందే. ఆ సంగతి నాయుడు ముఖం చూస్తేనే తెలుస్తోంది.

నేను పద్ధతి ప్రకారమే చూశాను. స్టీరింగు కుడికీ ఎడమకూ చివరిదాకా తిప్పించాను. నాలుగు చక్రాల దగ్గరా టైరుకూ అంచుకూ మధ్య చూపుడువేలు పెట్టి చూశాను. వేలు హాయిగా దూరింది. బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయి. పని నచ్చింది, ఆ మాట పైకే అన్నాను.

నచ్చనిది ఒక్కటే. టైర్ల పక్క గోడల నిండా పసుపు, దాని మీద కుంకుమ బొట్లు. ముందు రోజే సింహాచలం కొండకెళ్ళి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, వాహన పూజ చేయించుకొచ్చారు. కడిగి తెమ్మని గోడ మీద రాసింది కనపడలేదా అని నాయుణ్ణి కసిరాను.

"ఒళ్ళంతా కడిగేసినానండి. టైర్లు మాత్రం మాయావిడ ముట్టనియ్యలేదు, నానేటి సేత్తాను?" అన్నాడు నాయుడు.

సత్యవతి తగ్గలేదు. "సామికి పూజ సేయించిన పసుపండి. ఒక్క పూటన్నా ఉండొద్దేటి?" అంది.

ఛాసిస్ నంబరు దేవుడికి కాదు, నాకు కనపడాలి అన్నాను. నిజానికి ఛాసిస్ నంబరుకూ టైర్ల మీది పసుపుకూ సంబంధం లేదు. నా మాట నెగ్గాలి, అంతే. కుళాయికి పైపు తగిలించి చక్రాలు కడగమని చెప్పి, కలం తీసి సంతకానికి కాగితం సర్దుకున్నాను.

"సాబ్, నీళ్ళు ఆపించండి," అన్నాడు ఖాదర్ భాయ్. అప్పటిదాకా నోరు విప్పని మనిషి నేల మీద వెల్లకిలా పడుకుని, సెల్‌ఫోను లైటు వేసి ఎడమ వెనక చక్రం పైభాగంలోకి చూస్తున్నాడు. "సంతకం ఇప్పుడే పెట్టకండి. ఇది తగిలింది."

నాకు కోపం వచ్చింది. వేలు పెట్టి చూసింది నేను. ఆ పని చేసిందేమో అతను. సంతకం పడితే లాభం అతనికే. అయినా మోకాళ్ళ మీద వంగి చూశాను. మడిచిన ఫెండరు అంచు లోపలివైపు, జానెడు పొడవున సన్నటి పసుపు గీత. టైరు వంక చూస్తే, దాని భుజం దగ్గర బొట్లన్నీ ఒకే ఎత్తున చెరిగి ఉన్నాయి.

ఖాదర్ భాయ్ లేచి, చేతులు దులుపుకుని, కొండ దిగేటప్పుడు ఎవరెవరు కూర్చున్నారని నాయుణ్ణి అడిగాడు. ముందు తామిద్దరూ, వెనక ఇద్దరు పిల్లలూ అని జవాబు. మలుపుల్లో ఏదైనా చప్పుడైందా అని అడిగాడు. నాయుడు కాసేపు నసిగాడు. "ఒక మలుపుకాడ గర్రుమంది భాయ్. కొత్త టైర్లు కదా, అలాగే అరుత్తాయనుకున్నాను."

నా పొరపాటు అప్పుడు తెలిసింది. నేను ఖాళీ బండిని, చదును నేల మీద చూశాను. నలుగురు కూర్చుని, దిగుడులో, మలుపులో ఒక పక్కకు ఒరిగితే వెనక స్ప్రింగులు అణుగుతాయి, ఫెండరు టైరు మీదికి దిగుతుంది. రేకు అంచు కత్తి లాంటిది. అలా పదిసార్లు గీరితే టైరు లోపలి దారాలు తెగుతాయి. ఆ తర్వాత అది పేలేది ఏ హైవే మీదో, మంచి వేగంలోనే. పైపులో నీళ్ళు ఇంకో నిమిషం పారి ఉంటే ఆ గీత ఉండేది కాదు. నా సంతకం మాత్రం ఉండేది.

నాయుడికి ఏడుపొక్కటే తక్కువ. "సారే సరేనన్నాక నువ్వు ఆపుతావేటి భాయ్?" అన్నాడు.

"ఎనక సీట్లో కూకునేది నీ పిల్లలే కదా నాయుడూ," అన్నాడు ఖాదర్ భాయ్.

తిరిగి తనిఖీ చేయాలని కాగితం మీద రాసి పంపేశాను. అక్కడితో నా పని అయిపోయినట్టే. కానీ ఆ ఆదివారం కాళ్ళు ఊరుకోక పాతబస్తీలో అతని షెడ్డుకు వెళ్ళాను. తనిఖీలు చేసేవాడికి పని జరిగే చోట నిలబడే అవకాశం తక్కువ.

ఆ ఎడమ అంచును ఇంకాస్త మడవాలి. చిక్కు ఏమిటంటే, సముద్రపు గాలికి అక్కడి రేకు పలచబడింది. చిరిగితే ఈ కారుకు మరో ఫెండరు ఎక్కడా దొరకదు. ఖాదర్ భాయ్ ముందు వేడిగాలి మిషనుతో రంగును మెత్తబరిచాడు, చల్లగా ఉంటే పెంకులు లేస్తుందని. తర్వాత టైరుకూ అంచుకూ మధ్య నున్నటి చింతకర్ర రోకలి దూర్చి, కారును అంగుళం అంగుళం ముందుకీ వెనక్కీ తోయించాడు. తిరిగే టైరే రోకలిని పైకి నొక్కుతుంది, రోకలి అంచును మడుస్తుంది. సుత్తి దెబ్బకు చిరిగే రేకు ఈ ఒత్తిడికి లొంగుతుంది. ప్రతి విడతకూ ఆపి, కళ్ళు మూసుకుని బొటనవేలితో అంచంతా తడిమేవాడు. ఒకసారి టప్పుమని చప్పుడైంది. నాయుడు తోయడం ఆపేసి గోడవైపు తిరిగిపోయాడు. ఖాదర్ భాయ్ వేలు అక్కడే ఉంచి, "పాత లప్పం రాలింది, రేకు కాదు, తొయ్యి" అన్నాడు. మధ్యాహ్నం నమాజుకు వెళ్ళొచ్చి మళ్ళీ మొదలుపెట్టాడు. ఎండ వాలేసరికి అంచు చిట్లకుండా లోపలికి ఒదిగిపోయింది. చెప్పడానికి సిగ్గెందుకు, నాకు అసూయ కలిగింది. నా చేతులు అన్నేళ్ళలో కాగితం తప్ప దేన్నీ మార్చలేదు.

రెండో తనిఖీకి వాళ్ళు ఆఫీసుకు రాలేదు, నేనే కొండ కిందికి వెళ్ళాను. పరీక్ష పద్ధతి ఖాదర్ భాయ్‌ది. ఒక గిన్నెలో పసుపు కలిపి టైర్ల భుజాల నిండా దట్టంగా పూయమని సత్యవతికి చెప్పాడు.

"ఆ రోజు కడిగెయ్‌మని అరిసినారు, ఇప్పుడు మీరే పూయమంతన్నారేటండి?" అని ఆవిడ నా మీద వేళాకోళమాడింది. నేను నవ్వి, పసుపు గిన్నె ఆవిడ చేతికి అందేలా జరిపాను.

పిల్లల్ని ఎక్కించడానికి ఖాదర్ భాయ్ ఒప్పుకోలేదు. వాళ్ళ బరువుకు మించి ఇసుక బస్తాలు వెనక సీట్లో వేయించాడు. నాయుడు నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. ఘాట్ రోడ్డు ఎక్కి, ప్రతి మలుపూ కాస్త బిగువుగానే తిప్పుతూ దిగాం. ఆ వయసులోనూ ఆ కారు రోడ్డును పట్టుకున్న తీరు చూస్తే నాయుడు సైకిలు ఎందుకు ఆపేవాడో నాకు అర్థమైంది. గర్రుమన్న చప్పుడు ఒక్కసారి కూడా రాలేదు. కింద ఖాదర్ భాయ్ మళ్ళీ వెల్లకిలా పడుకున్నాడు. ఈసారి నేనూ పక్కనే పడుకున్నాను, చొక్కా సంగతి చూసుకోలేదు. టైరు మీద పసుపు పూసింది పూసినట్టే ఉంది. అంచున ఏమీ లేదు. అక్కడే, కారు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశాను.

ఆ మర్నాడు గోడ మీది రాత చెరిపించి సున్నం కొట్టించాను. మిగిలిన రెండేళ్ళూ ప్రతి బండినీ వచ్చింది వచ్చినట్టుగా, దుమ్ముతో, బురదతో, పసుపుతో ముందు చూసి, తర్వాతే కడగమన్నాను. అంతకు ముందు ముప్ఫై ఏళ్ళు కడిగించాకే చూశాను. ఆ బండ్లలో ఎన్నిటికి సంతకం పెట్టి ఉండకూడదో తెలుసుకునే దారి ఇప్పుడు లేదు.