గోలు ముందరి మట్టి

క్రాగ్‌డేల్ అథ్లెటిక్ అనే ఫుట్‌బాల్ క్లబ్బును చంపింది ఏ శత్రువూ కాదు. కొన్నవాడే చంపాడు. బొగ్గుగని కుర్రాళ్ళు సాయంత్రాలు తాగి తన్నుకోకుండా ఉండాలని చర్చి పెద్దలు పెట్టిన జట్టు అది. రెండు యుద్ధాలు దాటింది. జనం కూర్చునే చెక్క స్టాండు తగలబడిపోయినా నిలబడింది. ఒకసారి కప్పు పోటీలో లండన్ జట్టును మట్టి కరిపించి ఊరంతటికీ వారం రోజులు నిద్ర లేకుండా చేసింది. గనులు మూతబడి ఊరు సగం ఖాళీ అయినా శనివారం శనివారం ఆడుతూనే వచ్చింది. చివరికి ఊళ్ళో ఎవరూ ముఖమైనా చూడని ఒక పెద్దమనిషి దాన్ని కొని, గ్రౌండును గిడ్డంగులు కట్టేవాళ్ళకు అమ్మి, చేతులు దులుపుకున్నాడు. లీగు పెద్దలు సమావేశం పెట్టి జట్టు పేరు కొట్టేశారు.

ఆ వార్త రేడియోలో వచ్చినప్పుడు నోరా హాస్లమ్ స్టాండు కింది గదిలో జెర్సీలు ఉతుకుతోంది. వార్త విన్నాక కూడా ఉతకడం ఆపలేదు. ఎవరు తొడుక్కుంటారని ఉతికిందో ఆమెకే తెలియాలి.

పెళ్ళయిన కొత్తలో ఆమె బట్టల మిల్లులో పనిచేసేది. మిల్లు పోయాక క్లబ్బులో ఉతుకుడు పనికి కుదిరింది. ఆటగాళ్ళు గొప్పవాళ్ళయినా పనికిమాలినవాళ్ళయినా ఆమెకు ఒకటే, బురద అందరిదీ ఒకే రంగు. ఓడిపోయి తలలు వేలాడేసుకుని వచ్చే కుర్రాళ్ళను "మేజోళ్ళు తిరగేసి పడేయండిరా, ఓడింది చాలక నా నడుం కూడా విరగ్గొడతారా?" అని తిట్టేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ తిట్లు లేకపోతే వాళ్ళకు ఓడినట్టే ఉండేది కాదేమో.

ఆమె భర్త విల్ఫ్ గని మనిషి. పెద్దగా మాట్లాడేవాడు కాదు. బొగ్గుపొడి పట్టిన ఆ ఊపిరితిత్తులతో మాట్లాడాలన్నా కష్టమే. వారం రోజుల మాటలన్నీ దాచిపెట్టి శనివారం రిఫరీ మీద ఖర్చుపెట్టేవాడు. ఎప్పుడూ ఉత్తరపు గోలు వెనక మెట్ల మీద, వానొచ్చినా మంచొచ్చినా అక్కడే. ఆసుపత్రిలో చివరి రోజుల్లో నోరాను దగ్గరికి పిలిచాడు.

"నన్ను గోలు ముందర పెట్టించు. కుడి కర్ర పక్కన. తర్వాత నువ్వూ అక్కడికే వచ్చెయ్."

"బతికినన్నాళ్ళూ వాళ్ళ బురద ఉతికింది చాలదా? చచ్చాక దాంట్లోనే పడుకోవాలా?" అంది నోరా.

విల్ఫ్ నవ్వబోయి దగ్గాడు. ఆమె మాటిచ్చింది.

క్రాగ్‌డేల్‌లో అది మామూలే. సీజను అయిపోయాక వేసవిలో గ్రౌండు చూసుకునే ఎరిక్ థ్రెల్‌ఫాల్ గోలు ముందు పచ్చికను ఒక పలకలా కోసి లేపేవాడు, ఇంటివాళ్ళు కింద పోయినవాళ్ళ బూడిద పోసేవాళ్ళు, మళ్ళీ పలక పరిచి బూటుతో నొక్కేవాడు. పైన చల్లితే గడ్డి మాడిపోతుందని అతని బాధ. చర్చిలో ప్రార్థన ఎంతసేపు జరిగినా ఎవరికీ ఏడుపు వచ్చేది కాదు గానీ, ఎరిక్ బూటు కింద పచ్చిక అణిగినప్పుడు మాత్రం గుండెలు పగిలేవి. విల్ఫ్‌ను కూడా అలాగే పెట్టారు. ఆనాటినుంచీ నోరా సోమవారం పొద్దున తడి జెర్సీలు ఆరేశాక కుడి కర్ర దగ్గరికి వెళ్ళి నిలబడేది. కూతురు గేనర్ కడుపుతో ఉన్న సంగతి, గేనర్ మొగుడు వదిలేసిపోయిన సంగతి, జట్టు ఓడిన సంగతి అన్నీ అక్కడే చెప్పేది. గెలిచిన సంగతులు చెప్పడానికి పెద్దగా టైము పట్టేది కాదు.

ఇప్పుడు గ్రౌండు పోతోంది. ఆ ఆదివారం పొద్దున ఒక్కపూట గేటు తీస్తామని, ఎవరివాళ్ళను వాళ్ళు తీసుకుపోవచ్చని గిడ్డంగులవాళ్ళు కబురు పెట్టారు. మర్నాడు యంత్రాలు దిగుతాయి.

గోలు ముందు జనం వరసగా నిలబడ్డారు. బిస్కెట్ డబ్బాలు, ఐస్‌క్రీం డబ్బాలు, ఒకావిడ చేతిలో పెళ్ళినాటి పూలకుండీ. ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. గేనర్ కారు బయట ఆపుకుని అందులోనే కూర్చుంది. లోపలికొస్తే ఏడుస్తానని తల్లికి ముందే చెప్పేసింది. నోరా వెనక సిరిల్ ఆష్‌వర్త్ నిలబడ్డాడు. మోటారుసైకిలు ప్రమాదంలో చనిపోయిన అతని కొడుకును విల్ఫ్ కంటే ముందే అక్కడ పెట్టారు. అప్పటినుంచీ సిరిల్ ఆటలో గోలు పడినప్పుడు కూడా చప్పట్లు కొట్టేవాడు కాదు, గోలు ముందు నేలకేసి చూస్తుండేవాడు.

ఎరిక్ కుడి కర్ర పక్కన పచ్చిక కోసి లేపాడు. ఎందుకో ఆమె ముఖంలోకి చూడకుండా పక్కకు జరిగిపోయాడు.

నోరా మోకాళ్ళ మీద కూర్చుని చిన్న పారతో తవ్వింది. పైన నాలుగు వేళ్ళ మందం నల్లమట్టి. దాని కింద ఇసుక. శుభ్రమైన, పసుపుపచ్చటి ఇసుక. ఇంకాస్త తవ్వితే పారకు ఏదో తగిలింది. వేళ్ళతో మట్టి తోసి చూస్తే నల్ల ప్లాస్టిక్ గొట్టం.

కాసేపు ఆ గొట్టాన్నే చూసింది. విల్ఫ్‌ను పెట్టిననాడు ఇక్కడ గొట్టం లేదు. జిగట మట్టే ఉంది. వాన పడితే చెరువయ్యే మట్టి.

అప్పుడు గుర్తొచ్చింది. విల్ఫ్ పోయిన రెండేళ్ళకు, వాన నీళ్ళు నిలిచి ఆటలు ఆగిపోతున్నాయని, అభిమానులే పూనుకుని, కింద ఇసుకా నీళ్ళు పోయే గొట్టాలూ పరిపించి కొత్త మైదానం వేయించారు. తనే ముందు నిలబడింది. చర్చి హాల్లో విందులు పెట్టి, బంగాళాదుంపలూ మాంసమూ వండి వడ్డించి చందాలు పోగుచేసింది. పాత మట్టి లారీలకెత్తుకుని పోతుంటే గేటు దగ్గర ఊరంతా చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది. పీడ విరగడయిందనుకున్నారు. ఆ లారీల్లో ఏం పోతోందో ఒక్కరికైనా తట్టలేదు.

తల ఎత్తింది. ఎరిక్ ఆమెనే చూస్తున్నాడు.

"ఎరిక్," అంది చాలా చిన్నగా. "ఆ మట్టి ఎక్కడికి పోయింది?"

అతను పక్కన కూర్చుని గుంట సర్దుతున్నట్టు వంగాడు. "బైపాస్ రోడ్డు కట్టకి. నాకు రెండోరోజు తట్టింది తల్లీ. పరిగెత్తుకుంటూ పోయాను. అప్పటికే పోసి, చదును చేసి, రోలరు తిప్పేశారు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఎట్లా చెప్పేది? ఆ సోమవారమే నువ్వొచ్చి ఇక్కడ నిలబడి నవ్వుతూ ఏదో చెబుతున్నావు. తర్వాత చెబుదామనుకున్నా. అంతే, ఇక చెప్పలేకపోయా."

"ఇన్నేళ్ళూ నేను గొట్టంతో మాట్లాడుతుంటే చూస్తూ ఊరుకున్నావా, సన్నాసీ?"

ఎరిక్ కళ్ళు తుడుచుకున్నాడు. నోరాకు పార తీసుకుని అతని నెత్తిన ఒకటి వెయ్యాలనిపించింది. బైపాస్ రోడ్డు గుర్తొచ్చింది. పగలనక రాత్రనక లారీలు పోయే రోడ్డు. దాని పక్కన నిలబడటానికి జానెడు చోటు కూడా ఉండదు.

"ఏమ్మా నోరా, ఏమైంది? దొరకలేదా?" వెనకనుంచి సిరిల్ అడిగాడు. డబ్బాను రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకుని ఉన్నాడు. డబ్బా లోపల కొత్త తెల్లగుడ్డ పరిచాడు. ఇస్త్రీ చేసిన గుడ్డ.

వరసలో వెనకవాళ్ళు కూడా చూస్తున్నారు. అరిచి చెప్పేస్తే చాలు, ఆ డబ్బాలన్నీ ఖాళీగా ఇంటికి పోతాయి. నోరాకు చెప్పాలనే ఉంది. ఈ మోత తనొక్కతే ఎందుకు మొయ్యాలి?

"దొరికాడు," అంది నోరా. "మట్టిలో బాగా కలిసిపోయాడులే, ఎరిక్ పని శుభ్రంగా చేస్తాడుగా. నీ పిల్లాడు ఎడమ పక్కకి ఉంటాడు సిరిల్. పైపైనే తియ్యి, లోతుకి పోకు. పైమట్టిలోనే కలిసి ఉంటాడు."

ఆ తర్వాత వంగి, ఇసుకను మట్టితో కలిపి, కొని తెచ్చిన ఆ మట్టినే డబ్బాలోకి ఎత్తింది. ఒక్కో పారా మెల్లిగా, అందరూ చూస్తుండగా. డబ్బా నిండాక మూత పెట్టి, ఎరిక్ చెయ్యి అందించినా పట్టుకోకుండా తనే లేచింది. వెనక సిరిల్ మోకాళ్ళ మీద కూర్చుంటూ కొడుకును పేరు పెట్టి పిలవడం వినపడింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

కారులో గేనర్ చేతులు చాపింది. డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, మూత మీద చెంప ఆనించి ఏడ్చింది. ఎన్నేళ్ళుగానో దాచుకున్న ఏడుపు అది. నోరా కూతురి వీపు నిమురుతూ కూర్చుంది. తనకు మాత్రం కన్నీళ్ళు రాలేదు.

"ఎంత బరువున్నాడమ్మా నాన్న," అంది గేనర్ ముక్కు తుడుచుకుంటూ. "మన దొడ్లో గులాబీల కింద పెడదాం. నీ టైమొచ్చినప్పుడు నిన్నూ ఇందులోనే కలుపుతాను. నాన్నకి మాటిచ్చావుగా, నేను మర్చిపోలేదు."

నోరా కిటికీలోంచి బయటికి చూసింది. గేటు దగ్గర జనం ఒక్కొక్కరే డబ్బాలు పట్టుకుని జాగ్రత్తగా అడుగులేస్తూ వస్తున్నారు.

"అట్లాగే చెయ్యవే," అంది. "బండి తియ్యి. చలేస్తోంది."