చిన్నదాని తొలి వాక్యం

మా ఇల్లు చైతన్యపురి మెయిన్ రోడ్డు వెనక సందులో, మూడో అంతస్తులో ఉంటుంది. కిటికీ తీస్తే ఎల్బీ నగర్ వైపు జారిపోయే మెట్రో రైళ్లు కనిపిస్తాయి. సాయంత్రం కోచింగ్ సెంటర్లు వదిలే వేళకు రోడ్డు మోత మా ఇంటిదాకా వచ్చేసరికి మెత్తబడి, ఎక్కడో వాన పడుతున్నట్టు వినిపిస్తుంది. ఆ మోత వింటూనే మా పిల్లలకు లాటిన్ చెప్పాను.

నల్గొండ దగ్గరి ఊరి నుంచి నన్ను చిన్నప్పుడే ఫాదర్ కావాలని సెమినరీకి పంపారు. ఆ భాష అక్కడ నేర్చుకున్నదే. చివరిదాకా ఉండకుండా బయటికొచ్చి, పెళ్లి చేసుకుని, ఇప్పుడు ఓ కోచింగ్ సెంటర్‌లో బోటనీ చెబుతున్నాను. మొక్కల పేర్లలో తప్ప లాటిన్‌తో ఇక పని లేదనే అనుకున్నాను.

పెద్దమ్మాయి ఇంటర్ బైపీసీలో చేరాక, ఆ పొడుగు పేర్లకు నోరు తిరగక ఒకరోజు పుస్తకం మూసేసింది.

"డాడీ, గివన్నీ ఎట్ల యాదికి పెట్టుకుంటరు?"

"యాదికి పెట్టుకునుడు కాదు బిడ్డా, అర్థం తెలిస్తే అవే ఉంటయి" అని మొదలుపెట్టాను. ఆల్బా అంటే తెల్లది. స్టెల్లా అంటే నక్షత్రం. మనం నక్షత్రాన్ని, నక్షత్రానికి అన్నట్టే, అక్కడా మాట చివర మారుతుంది. చూసేది నక్షత్రాన్నైతే 'స్టెల్లమ్' అనాలి. పెద్దమ్మాయి దీన్ని లెక్కలా పట్టుకుంది. ఆరో తరగతి చదివే అబ్బాయికి లెక్కలు వద్దు, పాటలా ఉంటే చాలు. చప్పట్లు కొడుతూ ఇల్లంతా తిరిగి చదివేవాడు. చిన్నది దివాన్ కింద బొమ్మతో పడుకుని ఉండేది. దానికెవరూ ఏమీ చెప్పలేదు.

చిన్నదానికి నాలుగేళ్లు నిండినా మాటలు కలిసేవి కావు. 'నీళ్లు' అనేది, 'పోదాం' అనేది, అంతే. దవాఖానలో చూపిస్తే చెవులు బాగున్నాయన్నారు. మాటల శిక్షణకు తీసుకెళ్తూనే ఉన్నాం. మా ఆవిడది కృష్ణా జిల్లా. పప్పు తాలింపు వేస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా దానితో కబుర్లు చెబుతూనే ఉండేది. చిన్నది తల్లి మొహాన్ని చూస్తూ వినేది, బదులు చెప్పేది కాదు.

ఒక సాయంత్రం వాన వెలిసింది. కరెంటు లేదు. అందరం డాబా మీదికి వెళ్లాం. నేల తడిగా ఉంది. గాలిలో మట్టివాసన, కింద మిర్చిబజ్జీల బండి నూనె వాసన కలిసి వస్తున్నాయి. చీకటి పడీ పడని ఆకాశంలో శంషాబాద్ వైపు దిగుతున్న విమానం దీపం ఒకటి మెల్లగా కదులుతోంది. తల్లి ఒడిలో ఉన్న చిన్నది దానివైపు వేలు చూపించింది.

"స్టెల్లమ్ వీడెయో."

అబ్బాయి నా చెయ్యి పట్టుకుని, "డాడీ, స్టెల్లా అనలే! స్టెల్లమ్ అన్నది!" అన్నాడు.

"ఏమందండీ? ఏమంది అది?" అంది మా ఆవిడ.

"నక్షత్రాన్ని చూస్తున్న అంటున్నది" అన్నాను.

అది విమానమని నేను చెప్పలేదు. ఆవిడ పిల్లను గుండెకు హత్తుకుంది. కాసేపటికి చూస్తే ఏడుస్తోంది.

"పొద్దస్తమానం దీనితో మాట్లాడేది నేనేనండీ. తీరా అది మాట్లాడితే నాకే అర్థం కాలేదు."

పట్టలేని సంతోషం ఒకవైపు, ఆవిడ దగ్గర్నుంచి ఏదో లాక్కున్నట్టు బాధ ఒకవైపు. వానచుక్కలు పిట్టగోడ మీద నుంచి జారుతుంటే చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు పాఠం వేళకు ఆవిడ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి పిల్లల మధ్య కూర్చుంది.

"నాక్కూడా చెప్పండి. మొదట్నుంచీ."

అబ్బాయి ఆవిడకు గురువయ్యాడు. కృష్ణా జిల్లా సాగదీతతో ఆవిడ లాటిన్ పలుకుతుంటే పెద్దమ్మాయి మొహం దిండులో దాచుకుని నవ్వేది. ఆవిడ పట్టించుకునేది కాదు. వంటింట్లోంచి "క్విడ్ వీడెస్?" అని చిన్నదాన్ని కేకేసేది, ఏం చూస్తున్నావని. దివాన్ కింద నుంచి లాటిన్‌లోనే ఓ జవాబు వచ్చేది. ఒకసారి నీళ్లు, ఒకసారి చందమామ. కంటి ముందు లేనివి కూడా అది చూసేది.

దిల్‌సుఖ్‌నగర్‌లో పండ్ల బండి దగ్గర ఒకరోజు చిన్నది "ఊవాస్ వీడెయో" అంది. బండామె తలెత్తింది.

"ఏందమ్మా, పాప ఏమంటున్నది?"

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ, "ద్రాక్షపళ్లు చూస్తున్నానంటోందండీ" అంది. అలా చెప్పేటప్పుడు ఆవిడ మొహంలో వచ్చిన వెలుగు నేను మా పెళ్లిలో కూడా చూడలేదు.

చలికాలం వెళ్లాక, ఎల్బీ నగర్ నుంచి ఆటోలో వస్తున్నాం. ట్రాఫిక్‌లో ఆగాం. చిన్నది తల్లి గాజులు తిప్పుతూ, "అమ్మా, నాకు ఆకలేస్తోంది" అంది. అచ్చం తల్లి సాగదీతే. అది శిక్షణ వల్లో, వయసు వల్లో, లాటిన్ వల్లో నాకు తెలియదు. ఆవిడ ఈసారి ఏడవలేదు. "ఇంటికెళ్లగానే అన్నం కలిపి పెడతాగా" అంది, రోజూ వినే మాటకు బదులిచ్చినట్టు. ఇంటికెళ్లేదాకా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.