మస్కట్ గదికో కొత్త రచయిత

పెళ్ళయిన నెల తిరక్కుండానే మా ఆయన మస్కట్ వెళ్ళిపోయాడు. నాకు మిగిలింది ఫోను. ఆయనకు సెలవు శుక్రవారం కాబట్టి ఆ మధ్యాహ్నం ఫోన్ మోగేది.

“తిన్నవా?”

“తిన్న. నువ్వు?”

“తిన్న. ఏం కూర?”

“బెండకాయ.”

“ఆఁ. అక్కడ వానలు పడ్డయా?”

వానలు పడ్డా పడకపోయినా అక్కడితో సరి. ఆ తర్వాత ఇద్దరం ఒకరి ఊపిరి ఒకరం వింటూ కూర్చునేవాళ్ళం. వీడియో కాల్ అయితే మరీ ఘోరం. ఆయన నా వెనక గోడ మీది క్యాలెండర్ చూసేవాడు, నేను ఆయన వెనక తాడు మీద ఆరేసిన లుంగీలు చూసేదాన్ని. మనిషి చెడ్డవాడు కాదు, కోపిష్టి అంతకన్నా కాదు. మాటలు లేవు, అంతే. కోరుట్లలో మా వాడకట్టు ఆడవాళ్ళు చాలామంది గల్ఫ్ మొగుళ్ళతో గంటలు గంటలు మాట్లాడేవాళ్ళు. వాళ్ళను చూస్తే నాకు కుళ్ళు పుట్టేది. ఇట్లాగే రెండు మూడేళ్ళు గడిస్తే, ఈయన తిరిగొచ్చినా ఇంట్లో చుట్టంలా కూర్చుంటాడేమోనని భయంగా కూడా ఉండేది.

నాకు చిన్నప్పటి నుంచీ డిటెక్టివ్ నవలల పిచ్చి. సిరిసిల్లలో పుట్టింటి నుంచి తెచ్చుకున్న పెట్టెలో చీరల కింద సగం అవే, అన్నీ ఒకే రచయితవి. ఒక శుక్రవారం డిటెక్టివ్ గొళ్ళెం పెట్టిన గది తలుపు బద్దలుకొడుతున్న సమయానికి ఫోన్ మోగింది. నాకు ఒళ్ళు మండింది.

“ఏం చేస్తున్నవ్?”

“చదువుతున్న. ఇక్కడ ఒక షావుకారిని చంపిండ్లు.”

ఆయన గొంతు తగ్గించాడు. “మన వాడకట్టులనా?”

“పుస్తకంల.”

“గట్ల చెప్పరాదు. ఎవరు చంపిండ్లు?”

“ఇంకా తెల్వది. తమ్ముని మీద అనుమానం ఉన్నది.”

“తమ్ముడు ఎందుకు చంపుతడు? ఏదీ, సదువు.”

చదివాను. అధ్యాయం అయ్యాక ఆయన కాసేపు ఆలోచించి, “నీకెవరి మీద అనుమానం?” అని అడిగాడు. పెళ్ళయ్యాక ఆయన నా అభిప్రాయం అడగడం అదే మొదటిసారి. నేను గుమస్తా అన్నాను, ఆయన కాదన్నాడు, వాదించుకున్నాం. ఫోన్ పెట్టేసేసరికి పొయ్యి మీద పాలు పొంగి ఇగిరిపోయి మాడిపోయాయి. నాకు మాత్రం ఆ మాడు వాసన ఎంత బాగుందో చెప్పలేను.

తర్వాతి శుక్రవారానికి స్పీకర్ ఆన్ అయింది. ఆయన గదిలో ఉండేవాళ్ళంతా మా పక్క ఊళ్ళవాళ్ళే. రుద్రంగి నుంచి వచ్చిన ఒక పెద్దాయన అందరికీ వంట చేసేవాడు, నన్ను బిడ్డా అని పిలిచేవాడు. సారంగాపూర్ ఆయనకు ప్రతివాడి మీదా అనుమానమే, చనిపోయినవాడి మీద కూడా. ఇంత మందికి చదవాలంటే గొంతు పెంచక తప్పలేదు, దాంతో ఇంట్లో మా అత్తమ్మకు తిప్పలు మొదలయ్యాయి. తలుపు వేసుకుని నేను “ముసలిదానికి ఈ రాత్రే విషం పెట్టాలి” అని గట్టిగా చదువుతుంటే ఆమె బయట నిలబడి విందట. వారం రోజులు నేను పెట్టిన చాయ్ నేను ఒక గుక్క తాగితే గాని ముట్టలేదు. సంగతి తెలిశాక తలుపు తీయించి గడప దగ్గరే కూర్చోవడం మొదలుపెట్టింది. అయినా కథ సగంలో వచ్చి, “గిప్పుడు ఎవరు సచ్చిండ్లే?” అని అడిగేది.

అట్లా ఏడాది సాఫీగా గడిచింది. ఒక శుక్రవారం పెట్టె అడుగుకు చెయ్యి తగిలింది. ఆ రచయిత రాసినవన్నీ అయిపోయాయని ఫోన్‌లో చెప్పాను.

“ఇంకోటి రాయమను బిడ్డా,” అన్నాడు రుద్రంగి పెద్దాయన.

“ఆయన పోయి చానా ఏండ్లయింది బాపు.”

“అయ్యో పాపం. ఎవరు చంపిండ్లు?”

నవ్వాను గాని, స్పీకర్ ఆపాక మా ఆయన, “ఇంకేం, తిన్నవా?” అనేసరికి ఆ నవ్వు కాస్తా పోయింది. బెండకాయ దగ్గరికే మళ్ళీ వచ్చాం. ఇక కొత్త రచయిత దొరకాలి, లేకపోతే నా సంసారం క్యాలెండర్‌కూ లుంగీలకూ మధ్య ముగిసేటట్టుంది.

కోరుట్ల బస్టాండ్ దగ్గరి పుస్తకాల దుకాణంలో అడిగాను. దుకాణం అతను పోటీ పరీక్షల గైడ్ల గుట్ట వెనక నుంచి తల ఎత్తి, “మర్డర్లు నడుస్తలేవు మేడం, కానిస్టేబుల్ గైడ్ ఉన్నది, ఇయ్యాల్నా?” అన్నాడు. పక్కింటి ఆమె కొడుకుతో తెప్పించిన ఒక కొత్త రచయిత పుస్తకం అట్ట మీద నెత్తురోడే కత్తి ఉంది. లోపల చూస్తే హీరో బాల్కనీలో నిలబడి వాన చూస్తూ తన ఒంటరితనం గురించి ఆలోచిస్తాడు. మరుసటి శుక్రవారం కూడా అదే వాన, అదే బాల్కనీ.

“బిడ్డా, గింత సేపాయె, ఒక్కడు గూడ సావకపాయె,” అన్నాడు పెద్దాయన విసుగ్గా.

“నేనే సత్తనేమో,” అన్నాడు సారంగాపూర్ ఆయన.

జగిత్యాలలో పాత కాగితాలు తూకానికి కొనే ఒకతని గోడౌన్‌లో దుమ్ము పీలుస్తూ వెతికితే మంచి రచయితే దొరికాడు. రెండో పేజీలోనే హత్య. గది మొత్తం మళ్ళీ చెవులు రిక్కించింది. అందరినీ హాల్లో కూర్చోబెట్టి డిటెక్టివ్ వేలు పైకెత్తి, “హంతకుడు మరెవరో కాదు,” అన్నాడు. పేజీ తిప్పాను. అట్ట వచ్చింది. చివరి కాగితాలు ఏ మిర్చిబజ్జీల బండికో పోయుంటాయి. ఆ సంగతి చెబితే ఒక్కరూ నమ్మలేదు. కావాలనే దాస్తున్నానని, వచ్చేవారం దాకా ఊరించడానికని సారంగాపూర్ ఆయన గట్టిగా అరిచాడు. నాకూ రోషం వచ్చి, “హంతకుడివి నువ్వే, పో,” అని ఫోన్ పెట్టేశాను.

ఆ కోపంతోనే సిరిసిల్ల వెళ్ళాను. మా అమ్మావాళ్ళ వెనక ఇంట్లో ఉద్యోగం మానేసిన ఒక టీచరమ్మ ఉండేది. ఆమె బీరువా నిండా నవలలే. అద్దంలో నుంచి చూడనిస్తుంది గాని ముట్టనివ్వదు. చేతులు కడుక్కుని రమ్మంది. కడుక్కుని వచ్చి, హత్యల పుస్తకం కావాలన్నాను. ఆమె నన్ను చాలా చిన్నచూపు చూసింది.

“నీ దొంగలు ఎంతమందిని చంపుతరే? రాజుల కథలు సదువు. కుర్చీ కోసం సొంత అన్ననే చంపుతరు, చంపి ఊరంత పండుగ చేస్తరు.”

అని ఒక లావుపాటి చారిత్రక నవల చేతిలో పెట్టింది. శత్రువులు కోటను చుట్టుముట్టారు. లోపలివాడే ఒకడు అర్ధరాత్రి కోట తలుపు తీశాడు. ఎవడు తీశాడన్నదే కథ. కిరీటాలు తీసేస్తే అచ్చం మన డిటెక్టివ్ కథే, ఈ రచయిత ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నాడో అనిపించింది.

ఆ శుక్రవారం సిరిసిల్ల నుంచే చదివాను. మా నాన్న మగ్గాలు పక్క షెడ్డులో టకటకమని ఒకటే మోత. వినపడుతోందో లేదోనని గొంతు చించుకుని చదివాను. మస్కట్‌లో ఎవరూ కిక్కురుమనలేదు. అధ్యాయం అయ్యాక పెద్దాయన తీరిగ్గా అన్నాడు:

“గుర్రాలు మంచిగ ఉరుకుతున్నయ్ బిడ్డా.”

మరుసటి వారం కోరుట్లకు తిరిగొచ్చి, మగ్గాల మోత లేకుండా ప్రశాంతంగా చదివితే ఎవరికీ రుచించలేదు. “ఇయ్యాల గుర్రాలేవి?” అని అందరూ నా మీదే పడ్డారు. రాజు అడవిలో నడిచిపోతున్నాడని సర్దిచెప్పాను.

రాణి కోట బురుజు మీద నిలబడి దారి చూసే ఘట్టం వచ్చినప్పుడు మాత్రం గుర్రాల సంగతి ఎవరూ ఎత్తలేదు. చాలాసేపటికి మా ఆయన స్పీకర్ తీసేసి, “రాణి గంత సేపు ఒక్కతే నిలబడ్డదా?” అన్నాడు. నిలబడింది అన్నాను. ఆ రోజు అనుమానం సంగతి ఆయన అడగలేదు.

నవల ఇంకా నాలుగోవంతు ఉందనగా ఆయనకు లీవ్ దొరికింది. గదిలో ఒక్కరికీ సంతోషం లేదు. “కథ అయినంక పో,” అని బతిమాలారట. వచ్చాడు. చుట్టాలు వచ్చారు, సెంటు సీసాలు పంచాడు, నాలుగు రోజులు ఇల్లు కిటకిటలాడింది. ఐదోరోజు మధ్యాహ్నం ఇల్లు ఖాళీ అయింది. అత్తమ్మ బయట అరుగు మీద కూర్చుంది. గదిలో ఆయన మంచం ఆ చివర, నేను ఈ చివర.

“తిన్నవా?” అన్నాడు.

“నీతోనే తింటిగద.”

“ఔ.”

వానల గురించి కూడా అడగడానికి లేదు, కిటికీలోంచి కనబడుతూనే ఉంది ఎండ. ఆయన కాసేపు క్యాలెండర్ చూశాడు. తర్వాత లేచి, ఏమీ చెప్పకుండా మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఇన్ని పుస్తకాలు, ఇంత తిరుగుడు, చివరికి ఇంటికి చుట్టమే వచ్చాడనుకున్నాను.

అంతలో ఫోన్ మోగింది. ఆయనదే.

“ఎక్కడున్నవ్?” అన్నాను.

“మీదున్న. గా కోట తలుపు ఎవరు తీసిండ్లో ఇంకా చెప్పకపోతివి.”

స్పీకర్ నొక్కి ఫోన్ మంచం మీద పెట్టాను. పుస్తకం తీసి, ఆపిన చోటు నుంచి చదవడం మొదలుపెట్టాను. రాజు మంత్రిని పిలిపించాడు, సేనాపతిని పిలిపించాడు. ఫోన్‌లో ఆయన “ఊఁ” కొడుతున్నాడు. కాసేపటికి ఆ ఊఁ మెట్ల మీది నుంచి కూడా వినబడింది. నేను తల ఎత్తలేదు. ఎత్తితే ఆగిపోతాడేమోనని భయం. అధ్యాయం అయ్యేసరికి ఆయన గడప దగ్గర నిలబడి ఉన్నాడు, ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. నన్ను కాదు, నా చేతిలో పుస్తకాన్ని చూస్తూ అడిగాడు.

“నీకెవరి మీద అనుమానం?”

“నీ మీదనే,” అన్నాను. “లోపలికి రా.”

నవ్వి, వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. ఫోన్లు ఆపాలని ఇద్దరికీ తోచలేదు. రెండూ దగ్గరికి వచ్చేసరికి కీచుమని ఇల్లెగిరిపోయేటట్టు అరిచాయి. అరుగు మీద నుంచి అత్తమ్మ కేకేసింది.

“ఏందే అది? ఎవరు సచ్చిండ్లు?”

“ఎవరూ సావలే అత్తమ్మా,” అన్నాను. “నీ కొడుకు ఇంటికచ్చిండు.”