కాకి ముట్టని చేప

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా అన్న టైఫాయిడ్‌తో పోయాడు. అప్పటికి నేను మద్రాసులో బి.ఏ. ముగించుకుని ఊళ్లోనే ఉన్నాను. చదువు పూర్తయినవాణ్ణి కాబట్టి ఇంట్లో నన్ను ఏ పనికీ పిలిచేవారు కాదు.

అన్న కాలువ మీద ఓవర్సియరు. ఆయన పైన పనిచేసిన దొర ఇంగ్లండు వెళ్లిపోతూ తన గాలం కర్రనూ, ఈకలు చుట్టిన కొక్కేల డబ్బానూ ఆయన చేతిలో పెట్టి పోయాడు. దొర దేశంలో సెలయేళ్లలో గ్రేలింగ్ అనే చేప ఉంటుందట. ఈకను చూసి, నీటి మీద వాలిన ఈగ అనుకుని మింగుతుందట. మా కుంటలో ఉన్నవి వేలెడేసి పరిగెలు. అన్న వాటినీ గ్రేలింగులనే అనేవాడు. అవి అభ్యంతరం చెప్పలేదు.

ఆదివారం వస్తే తెల్లారకుండానే కుంట దగ్గరుండేవాడు. దొర ఈకలు ఊడిపోయాక మా పుంజు తోక మీద చేయి వేశాడు. కొక్కేనికి ఎర గుచ్చేది లేదు. పొడుగాటి దారాన్ని గాలిలో వెనక్కీ ముందుకీ ఆడించి, ఈకను మెల్లగా నీటి మీద వాల్చేవాడు. గట్టున గేదెలు మేపుకునే దూదేకుల తాతకు అదొక వేడుక.

"ఏమప్పా, నీళ్లను చర్నాకోలతో కొడతాండావు. అవేం తప్పు జేసినాయి?"

"నన్ను కాదు తాతా, చేపను సూడు."

"సూస్తాండా. అది నిన్ను సూస్తాండాది."

మాలో మూడో దినం, పోయినవారికి ఇష్టమైనవి వండి సమాధి దగ్గర విస్తరిలో పెడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవారికి ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అన్న పోయినప్పటినుంచి అమ్మ మంచినీళ్లతోనే ఉంది. కాకి ముడితేగానీ మెతుకు తిననంది.

"వానికి చేపంటే పానం. వాని గాలంతోనే పట్టుకరాపోరా" అంది నాతో.

ఎవరూ కాదనలేదు. వారం వారం చేపలకు పోయినవాడికి చేపంటే ఇష్టం లేకుండా ఎలా ఉంటుంది?

పొద్దున్నే కుంటకు పోయాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. దారం మాత్రం తుమ్మకొమ్మకు తగులుకుంది. విడిపించి మళ్లీ విసిరాను, మళ్లీ తగులుకుంది. తాత గట్టు మీదే ఉన్నాడు గానీ ఆ రోజు ఒక్క మాట అనలేదు. ఏదో ఒకటి అంటే బాగుండును. ఎండెక్కుతుండగా రెండు పరిగెలు పడ్డాయి. బహుశా నా మీద జాలిపడి.

వదిన పులుసు పెట్టింది. ఒక చేపను విస్తరిలో పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. కాకి వచ్చింది. వేపకొమ్మ మీద కూర్చుని చేపను చూసి, తల పక్కకు తిప్పుకుంది. జిల్లా మొత్తం మీద చేపను వద్దన్న కాకి అదొక్కటే అయుంటుంది.

"ఈకల గాలం గదప్పా, కాకికి అనుమానం వచ్చినట్టుండాది" అన్నాడు చిన్నాయన. ఎవరూ నవ్వలేదు. మామూలు రోజయితే అది నేను అనాల్సిన మాట.

ఎండ నడినెత్తికి వచ్చింది. "ఏం తక్కువైందిరా నాయనా నీకు?" అంటూ అమ్మ నేల మీద కూలబడింది. అప్పుడు వదిన మాట్లాడింది.

"ఆయప్ప చేప తినడత్తా."

"ఏందే నువ్వనేది?"

"ముల్లంటే బయం. నోట్లో పెట్టంగా నేను ఒక్కనాడూ సూడల్యా. తెచ్చేదంతా మీ చిన్నోనికే."

అందరూ నా వైపు చూశారు. నేను వేపకొమ్మ వైపు చూశాను. ఆదివారాలు అన్న నా పక్కనే కూర్చుని, జొన్నరొట్టెను చెనిక్కాయల పొడిలో అద్దుకుంటూ, "ఎట్లుందిరా గ్రేలింగు?" అని అడిగేవాడు. ఆ రొట్టె నాకు కనబడుతూనే ఉండేది. దాని గురించి ఆలోచించలేదు, అంతే.

వదిన ఇంటికి పోయి రొట్టె, పొడి తెచ్చి విస్తరిలో పెట్టింది. ఆమె చేయి వెనక్కి తీసుకోకముందే కాకి దిగింది.

ఇంటికి వచ్చాక అమ్మ అదే రొట్టెలో ఒక తునక తినింది. తర్వాత ఇంకో తునక. మిగిలిన రెండో చేపను వదిన నా కంచంలో వేసింది.

"తినప్పా. నీకిష్టం గదా."

ముళ్లు ఒక్కొక్కటే తీసి కంచం అంచున పెట్టుకుంటూ తిన్నాను. ఉప్పు సరిపోయింది.