అంబలి కుండలో బెల్లం గడ్డ

మొన్న మా కోడలు నిజామాబాద్ బజారు నుంచి ఒక డబ్బా తెచ్చింది. మీద ‘మొలకెత్తిన రాగుల మాల్ట్’ అని రాసి ఉంది. మాల్ట్ అంటే ఏమిటత్తమ్మా అని అడిగితే, మన తైదంబలే, సూటూ బూటూ వేసుకొచ్చింది అన్నాను. తను నవ్వింది గానీ, మూత తియ్యగానే వచ్చిన తీపి వాసనకు నాకు చిన్ననాటి అంబలి కుండ గుర్తొచ్చింది.

మా ఊరు ఎడపల్లిలో అవ్వ, అంటే బాపు తల్లి, తైదలని మేమనే రాగుల్ని నానబెట్టి, బట్టలో మూటగట్టి, మొలకలొచ్చాక ఎండబోసి ఇసుర్రాయిలో విసిరేది. ఆ పిండి నీళ్లలో కలిపి కుండలో పులియబెట్టి, మర్నాడు కాచి ఉప్పు వేస్తే అంబలి. ఎక్కడిదవ్వా ఇది అంటే, మశూచి వచ్చినవాళ్ల ఒళ్లు చల్లబడటానికని చెబుతూ, "తల్లి పోసినప్పుడు పెయ్యి సల్లవడాలని పోచమ్మే నేర్పింది. అంబ ఇచ్చిన బలం గాబట్టి అంబలి" అనేది. పండితులు ఒప్పుకోరేమో, నాకైతే ఇప్పటికీ అదే అర్థం. కుండలో బెల్లం మాత్రం పడనిచ్చేది కాదు. చుట్టూ చెరుకే, ఇంటింటా బెల్లమే. పులిసే కుండలో బెల్లం పడిందంటే అది గుడుంబా అనే నాటుసారాకు కలిపే పానకం కిందే లెక్క. ఆ సంగతి తొమ్మిదేళ్ల నాకు తెలియదు. ఉప్పంబలికి మొహం మొత్తి, ఎవరూ చూడకుండా కుండలో ఒక గడ్డ వేశాను.

మర్నాడు పొద్దున ఆబ్కారీ జవాన్లు గుడుంబా కోసం ఇల్లిల్లూ వెతుకుతూ వచ్చారు. మా కుండ నురుగులు కక్కుతోంది. పెద్ద జవాను వంగి వాసన చూసి, "గిదేందవ్వా? బెల్లం వాసన గుప్పుమంటుంది. నడువు ఠాణాకు" అన్నాడు. నేను అవ్వ కొంగు పట్టుకున్నాను. అవ్వ మాత్రం జంకలేదు. నా నెత్తిన చెయ్యి పెట్టి, "గీ కుండల బెల్లం లేదు సారూ. నా మనుమరాలి మీద ఒట్టు. అబద్ధమైతే పోచమ్మ సూసుకుంటది" అంది. ఇక నాకు ఠాణా గుర్తే లేదు. దొంగ ఒట్టు ఎవరి మీద వేస్తే వాళ్లు చస్తారని మా ఊళ్లో పిల్లలందరికీ తెలుసు. పైగా అవి మశూచి తిరుగుతున్న రోజులు. "నేనే ఏసిన అవ్వా! తియ్యగుంటదని ఏసిన! నేను సచ్చిపోతనా?" అని బావురుమన్నాను.

జవాను వేలు ముంచి నాకి, "అరే, పిండే గిది" అని నవ్వుకుంటూ పోయాడు. అవ్వ నవ్వలేదు. నన్ను ఒళ్లోకి లాక్కుని, "ఒట్టు తీసి గట్టు మీద వెట్టిన బిడ్డా, ఒట్టు తీసి గట్టు మీద వెట్టిన" అని అదే మాట అంటూ కూర్చుంది. ఆ ఎండాకాలమంతా పొద్దున లేవగానే నా వీపు మీద పొక్కులు లేచాయేమోనని తడిమి చూసేది. నా భయం ఆ సాయంత్రానికే ఆటల్లో పోయింది. అవ్వ భయం ఆమె ఉన్నన్నాళ్లూ పోలేదు. మనుమరాళ్లను ఎత్తుకున్నాక నాకొచ్చి చేరింది. ఇక్కడిదాకా రావడానికి దానికి యాభై ఏళ్లు పట్టింది.