పదమూడో నెల ఫోల్డరు

ఆ రోజు పుస్తకంలోంచి తలెత్తి "ఏ లెక్క ప్రకారం?" అని ఒక్క ముక్క నేనెందుకు అడగలేదు?

మా చెల్లెలు యెషిమెబెత్ దెబ్రె మార్కోస్ పట్టణంలో ముప్పయ్యేళ్లు టైపిస్టు. రిటైరై నా దగ్గరికొచ్చాక పాత కంప్యూటరు కొని, రెండు డిస్కులు పెట్టి, కొట్టుగదిలో ఇంటి సర్వరు తయారుచేసింది. ఇంటిల్లిపాది ఫొటోలూ పాటలూ అందులోనే. తలుపుకి కాగితం అంటించింది: ముందు సంవత్సరం, తర్వాత నెల, తేదీ, మనిషి పేరు. 'చివరిది' అని మాత్రం పెట్టొద్దు. "చివరిదని పెట్టినవాడు దాని తర్వాత ఇంకో మూడు పెడతాడు" అనేది. ఎవరి సంవత్సరమో రాయలేదు. మా ఇంట్లో మా సంవత్సరం కాక ఇంకేముంటుంది?

మా తమ్ముడు దెమెలాష్ ఆడిస్ అబాబాలో విదేశీ కంపెనీ ఉద్యోగి. వాడి జీతమూ సెలవులూ మాకంటే ఏడెనిమిదేళ్లు ముందు నడిచే పరాయి క్యాలెండరులో ఉండేవి. మా 2013 వానాకాలంలో వచ్చాడు. డిస్కు నిండిపోయి ఉంది.

"అన్నయ్యా, 2010కి ముందువి తీసేయనా? పదేళ్లు దాటిన చెత్త" అని కొట్టుగదిలోంచి కేకేశాడు.

"ఊఁ" అన్నాను. పేజీ తిప్పాను.

మర్నాడు మూడు విడతల కాఫీలో మొదటిది నేను పోస్తుండగా యెషిమెబెత్ వచ్చి నిలబడింది.

"2009-13-03-అమ్మ. ఎక్కడరా అది?"

వాడు నవ్వాడు. "పాతవన్నీ ఊడ్చేశానక్కా. శుభ్రం చేసినా తిడతావా?"

"పాతవా? అమ్మ పోయి నాలుగేళ్లు కాలేదు!"

వాడి నవ్వు ఆగింది. "2009 అని ఉందిగా..."

"ఎవడి 2009రా? పదమూడో నెల అని రాసుంటే కళ్లు పోయాయా? నీ కంపెనీ వాళ్లకుందా పదమూడో నెల?"

"టైపులో తప్పు పడిందనుకున్నా."

"నా టైపులోనా!"

పగుమే మా ఏడాది చివర వచ్చే ఐదురోజుల చిన్న నెల, పదమూడోది. మూడోనాటి వాన పుణ్యమని అందరం తడుస్తాం. 2009లో ఆ వానలో పళ్లెం బోర్లించి వాయిస్తూ అమ్మ పాడింది. ఆ తర్వాత నెల తిరక్కుండానే పోయింది. అమ్మ గొంతు మిగిలింది ఆ ఫోల్డరులోని రికార్డింగులోనే.

"రెండో డిస్కులో ఉంటుందిగా" అన్నాను.

"అది మొదటిదానికి నీడ. ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది." నావైపు తిరిగింది. "ఊఁ కొట్టింది నువ్వేనటగా?"

"చదువుకుంటున్నానమ్మా..."

"తలుపు మీద కాగితం బుర్రకెక్కని చదువు ఎందుకు, తగలెయ్యనా!"

"ఒక్క పాటకి ఇంత రాద్ధాంతమా" అని దెమెలాష్ గొణిగాడు.

యెషిమెబెత్ విసిరిన కాఫీ కప్పు వాడి పక్కనే గోడకి తగిలి పగిలింది.

స్క్రూడ్రైవరు తెచ్చి రెండు డిస్కులూ ఊడదీసింది. "డిస్కు మీద ఇంకేదీ రాయకపోతే, చెరిగినవాటిని తవ్వి తీసేవాళ్లున్నారట. ఇక ఈ ఇంట్లో వీటిని ఎవడూ ముట్టుకోడు." శాలువాలో చుట్టుకుంది. తలుపు మీది కాగితం చించి అదీ పెట్టుకుంది.

మా దగ్గర మూడో విడత కాఫీ తాగకుండా ఎవరూ లేవరు. వీడ్కోలుగా భుజానికి భుజం ఆనించకుండా గడప దాటరు. యెషిమెబెత్ మా ఇద్దరి మధ్యనుంచి నడిచి, తల కూడా తిప్పకుండా, వానలోకి వెళ్లిపోయింది.